ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని నిలబెడుతున్నదెవరు? ఫోన్ మాత్రమే ఉన్న మనం ఏం చేయొచ్చు?

ఓపెన్ సోర్స్ యాప్‌ల గురించి ఎప్పుడు మాట్లాడినా నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, అవి ఫ్రీయే కదా. ఫ్రీగా ఇచ్చేవాళ్ళకి మళ్ళీ మన సపోర్ట్ ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే. ఈ రోజు మొత్తం దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఆ "ఫ్రీ" అనే మాట సంగతి తేల్చేద్దాం. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకి రెండు అర్థాలు. తెలుగులో మనకి ఆ ఇబ్బంది లేదు. డబ్బు తీసుకోకపోతే ఉచితం అంటాం. ఎవరి పెత్తనమూ లేకపోతే స్వేచ్ఛ అంటాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టుని ప్రకటించినప్పుడు ఆయన మనసులో ఉన్నది రెండోది. అంటే సాఫ్ట్‌వేర్‌ని ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల కోడ్ ఎలా ఉందో తెరిచి చూడొచ్చు, మనకి కావాల్సినట్టు మార్చుకోవచ్చు. కాపీ తీసి పక్కవాళ్ళకి ఇవ్వొచ్చు. మనం మార్చిన కాపీని కూడా పంచొచ్చు. అందుకే హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్ళు తమ సంస్థకి "స్వేచ్ఛ" అనే పేరు పెట్టుకున్నారు. తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ని కూడా వాళ్ళు తయారుచేశారు.

ఇది మనకి దూరంగా ఉన్న విషయం కాదు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున నడిచేది లినక్స్ కెర్నల్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టింది అది. ఒక యాప్ ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చుకుంటుంది కదా, ఆ పని చేసే కర్ల్ అనే ప్రోగ్రామ్‌ని స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి చూసుకుంటున్నారు. ఫోన్లు, టీవీలు, కార్లు కలిపి వందల కోట్ల పరికరాల్లో అది ఉంది. మనం సినిమాలు చూసే వీఎల్‌సీ కూడా ఫ్రాన్స్‌లో ఒక కాలేజీ స్టూడెంట్ల ప్రాజెక్టుగా పుట్టిందే.

మరి వీటన్నిటినీ చూసుకునేది ఎవరు? దీనికి మన ఊళ్ళలోనే ఒక పోలిక ఉంది. తెలంగాణలో చెరువు ఉన్న ఊళ్ళో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంత నీళ్ళు పోవాలో, కట్టకి ఎక్కడ గండి పడేలా ఉందో చూసుకునేది ఆయనే. ఊరంతా ఆ నీళ్ళతోనే పండించుకునేది. పంట చేతికొచ్చాక రైతులు కళ్ళం దగ్గరే ఆయనకి మేర కొలిచేవాళ్ళు. అది దానం కాదు, ఆయనకి రావాల్సిన వాటా. సాఫ్ట్‌వేర్‌లో నీరటి లాంటివాళ్ళని మెయింటైనర్లు అంటారు. ఇక్కడ వచ్చిన చిక్కేంటంటే, నీళ్ళు అందరూ తీసుకుంటున్నారు. మేర కొలిచేవాళ్ళు మాత్రం చాలా తక్కువమంది.

కొలవకపోతే ఏమవుతుంది? రెండు నిజంగా జరిగిన సంగతులు చెప్తాను.

మొదటిది 2014 ఏప్రిల్. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. మనం బ్రౌజర్‌లో తాళం గుర్తు చూస్తాం కదా, ఆ తాళం వెనక పని చాలా సైట్లలో ఈ లైబ్రరీయే చేస్తుంది. ఆ లోపంతో సర్వర్ మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, రహస్య కీలు లాగేయొచ్చు. తీరా చూస్తే, ప్రపంచమంతా ఆధారపడ్డ ఆ ప్రాజెక్టుకి ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. దాని మీద వ్యాపారం చేసుకునే కంపెనీల టర్నోవర్ ఎంతో మీరే ఊహించుకోండి. ఆ షాక్ తర్వాతే పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా ఇలాంటి ప్రాజెక్టులకి డబ్బు పెట్టడం మొదలుపెట్టాయి.

రెండోది ఇంకా భయపెట్టే కథ. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళని చిన్నగా కుదించే టూల్. దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లో ఉంటుంది. ఫిన్లాండ్‌లో లాసీ కాలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి జీతం లేకుండా, ఖాళీ టైమ్‌లో దాన్ని చూసుకున్నారు. 2022లో కొంతమంది ఆయన మీద ఒత్తిడి మొదలుపెట్టారు. "ఇంత ఆలస్యమా? నీకు కుదరకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్" అన్న ధోరణిలో మెయిల్స్. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది పైసా రాని హాబీ ప్రాజెక్టని ఆయన అందరి ముందే చెప్పుకున్నారు. అయినా ఒత్తిడి ఆగలేదు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా, మర్యాదగా సాయం చేస్తూ ఉన్నారు. అలసిపోయిన మనిషికి సాయం దొరికితే ఏం చేస్తారు? నమ్ముతారు. మెల్లగా ఆ జియా టాన్‌కి ప్రాజెక్టులో అధికారం వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన రెండు వెర్షన్లలో ఆ పేరుతోనే ఒక దొంగ తలుపు పెట్టేశారు. అది అందరికీ చేరి ఉంటే, ఎన్నో సర్వర్లలోకి తాళం లేకుండా దూరే అవకాశం ఉండేది.

ఎలా దొరికిందో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన సిస్టమ్‌లో వేరే పరీక్షలేవో చేసుకుంటున్నారు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకను! మనమైతే "నెట్ స్లోగా ఉందిలే" అనుకుని వదిలేస్తాం. ఆయన వదల్లేదు, తవ్వుకుంటూ పోయారు. 2024 మార్చి 29న అందరికీ హెచ్చరిక పంపారు. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆయన అంత లోతుకి వెళ్ళగలిగారు. ఒత్తిడి తెచ్చిన ఆ మెయిల్స్ కూడా దొంగ ఖాతాలవేనని చాలామంది నిపుణుల అనుమానం.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. దాడి మొదలైంది కోడ్ మీద కాదు, ఒంటరిగా, అలసిపోయి ఉన్న ఒక మనిషి మీద. కాబట్టి సపోర్ట్ అనేది వాళ్ళ మీద జాలి చూపించే వ్యవహారం కాదు. మన భద్రత దాని మీదే నిలబడి ఉంది.

సరే అన్నా, మేం ఏం చేయాలి? కంప్యూటర్ లేదు, కోడింగ్ రాదు, ఫోనొక్కటే ఉంది అంటారా? ఫోన్‌తోనే చేయగలిగేవి నాలుగు చెప్తాను.

ఒకటి, బగ్ రిపోర్ట్ సరిగ్గా రాయడం. "యాప్ పనిచేయట్లేదు, వేస్ట్" అని ఒక స్టార్ ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మీ ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ రాయండి. ఏమేం నొక్కితే సమస్య వచ్చిందో వరసగా చెప్పండి. ఏం జరగాలి, ఏం జరిగింది రాయండి. అంతకుముందే ఎవరైనా అదే చెప్పారేమో వెతకండి. తెలుగు ఒత్తులు విరిగిపోయి కనిపించడం లాంటి సమస్యలు మనం చెప్తేనే వాళ్ళకి తెలుస్తాయి. తెలుగు చదవలేని డెవలపర్‌కి అది తప్పని కూడా అర్థం కాదు. స్క్రీన్‌షాట్ పెట్టి, సరైన అక్షరం ఎలా ఉండాలో చూపించండి.

రెండు, అనువాదం. ఫైర్‌ఫాక్స్ తెలుగులో వస్తోందంటే మనలాంటివాళ్ళు కూర్చుని ఒక్కో మాట తెలుగు చేశారు కాబట్టే. చాలా ఓపెన్ సోర్స్ యాప్‌ల అనువాదం బ్రౌజర్‌లోనే చేయొచ్చు. రోజుకి పది మాటలు చేసినా చాలు. మెషీన్ ఇచ్చింది మాత్రం అలాగే అతికించకండి. మీ అమ్మగారు ఆ బటన్ చదివితే అర్థమవుతుందా అని చూసుకోండి. "డౌన్‌లోడ్" అని జనం అంటుంటే అదే రాయడంలో తప్పేమీ లేదు.

మూడు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఇది 2004లో మొదలైంది. ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ పటం. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది వాలంటీర్లు శాటిలైట్ ఫోటోలు చూసి అక్కడి దారులు, ఇళ్ళు ఇందులో గీశారు. సహాయక బృందాలు ఆ పటాలు వాడుకున్నాయి. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ వేసుకుంటే, మీరు నడుస్తున్న చోటే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోడ్డు సిమెంటుదా, మట్టిదా? ఈ షాపు ఎన్నింటికి తెరుస్తారు? జవాబు నొక్కితే పటంలో చేరిపోతుంది. మీ ఊళ్ళో వీధుల గురించి మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక్క జాగ్రత్త, వేరే కంపెనీ మ్యాప్ చూసి ఇందులోకి కాపీ చేయకూడదు. కళ్ళతో చూసిందే రాయాలి.

నాలుగు, డబ్బు. ఇంకా చదువుకుంటున్నవాళ్ళు ఇవ్వనక్కర్లేదు, అప్పు చేసి అసలే వద్దు. ఉద్యోగం వచ్చాక, మీరు రోజూ వాడే ఒక్క ప్రాజెక్టుకి ఏడాదికోసారి ఎంతో కొంత పంపండి. మీ ఆఫీసులో కూడా అడగండి. "మన ప్రాడక్ట్ దీని మీదే నడుస్తోంది కదా, మనం ఏమిస్తున్నాం?" అని. ఇది జరిగే పనే. బెంగళూరు కంపెనీ జెరోధా 2024లో ఒక ఫండ్ ప్రకటించింది. ప్రపంచంలో ఎక్కడి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకైనా ఏడాదికి పది లక్షల డాలర్లు ఇవ్వడానికి. మేర కొలవడం అంటే అదీ.

ఇప్పుడు చేయకూడనివి. ఇది ముఖ్యంగా బీటెక్ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఒక కార్యక్రమం. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్. మన దేశంలోని ఒక యూట్యూబ్ వీడియోలో, ఫైల్‌లో ఒక మాట కలిపి ఎలా పంపాలో చూపించారు. ఇంకేముంది, వేల చెత్త రిక్వెస్టులు ప్రాజెక్టుల మీద వచ్చి పడ్డాయి. జీతం లేని మనుషులు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ మూసుకున్నారు. చివరికి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలని నిర్వాహకులు నియమం మార్చాల్సి వచ్చింది. అక్కడితో ఆగలేదు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకి కూడా, తమ పేరు కలుపుతూ రిక్వెస్టులు వరదలా వచ్చాయి. ఇప్పుడు ఏఐతో రాయించిన దొంగ సెక్యూరిటీ రిపోర్టులు తోడయ్యాయి. కర్ల్‌కి వస్తున్న అలాంటి రిపోర్టుల గురించి స్టెన్‌బర్గ్ చాలాసార్లు బహిరంగంగానే మొత్తుకున్నారు.

రెజ్యూమేలో ఒక లైన్ కోసం ఇదంతా చేసేవాళ్ళని నేను తిట్టను. ఉద్యోగాల పరిస్థితి ఎలా ఉందో నాకు తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఇంటర్వ్యూలో "ఈ మార్పు ఎందుకు చేశావు?" అని అడిగితే, చెత్త రిక్వెస్టు పంపినవాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. ఒక్క బగ్‌ని నిజంగా వెతికి, మెయింటైనర్‌తో మాట్లాడి, దిద్దించినవాళ్ళ దగ్గర అరగంట మాట్లాడే కథ ఉంటుంది.

ఇంకో మాట. సపోర్ట్ అంటే కొన్నిసార్లు పక్కన నిలబడటం. 2022లో కొన్ని నెలలపాటు మన దేశంలో వీఎల్‌సీ వెబ్‌సైట్ తెరుచుకోలేదు. వీడియోలాన్ వాళ్ళు ఢిల్లీలోని ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపారు. నవంబర్‌లో సైట్ మళ్ళీ తెరుచుకుంది. అక్కడ కోడ్ రాసే పని లేదు. న్యాయం తెలిసినవాళ్ళు తమకి తెలిసిన పని చేశారు. మీకు డిజైన్ వస్తే డిజైన్, రాయడం వస్తే హెల్ప్ పేజీ, వీడియోలు చేయడం వస్తే తెలుగులో ఎలా వాడాలో చెప్పే వీడియో. అన్నీ పనికొస్తాయి.

కాబట్టి ఈ వారానికి ఒక్క పని. మీ ఫోన్‌లో ఉన్న యాప్‌లలో ఓపెన్ సోర్స్‌వి ఏవో చూడండి. వాటిలో ఒకటి ఎంచుకోండి. దాన్ని చూసుకునేది ఎంతమందో, వాళ్ళు ఏం సాయం అడుగుతున్నారో చదవండి. అడిగింది మీరు చేయగలిగితే చేయండి. చేయలేకపోతే, "మీ యాప్ రోజూ వాడుతున్నాను, థాంక్స్" అని ఒక్క ముక్క రాయండి. తిట్లు తప్ప ఇంకేమీ రాని ఇన్‌బాక్స్‌లో అది కూడా చిన్న విషయమేం కాదు.