తుప్పు పట్టిన కారుకు డబ్బు పెట్టాలా, వద్దా?

(తిరుత్తణి శాఖ సర్వసభ్య సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి అజెండాలో నాలుగో అంశం మన సంఘం కారు. బోనస్ గురించి, లేఆఫ్ గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాక ఇప్పుడు కారు గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఆ కారు రిపేరుకు అడుగుతున్నది 62 వేల రూపాయలు. అది మీరు నెలనెలా కట్టిన చందా. మన నిధిలో ఇప్పుడున్నది 1 లక్షా 40 వేలు. రేపు ఏ మిల్లులోనైనా లేఆఫ్ వస్తే ఇంటికింత బియ్యం, పప్పు ఇవ్వవలసింది కూడా ఆ నిధిలోంచే. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చిన నాటి నుండీ సంఘం డబ్బు దేనికి ఖర్చు చేయవచ్చో, దేనికి చేయరాదో కట్టుబాటు ఉంది. చట్టం మాట అటుంచినా, ఇంత పెద్ద మొత్తం కమిటీ నాలుగు గోడల మధ్య తేల్చేది కాదు. కనుక లెక్క మీ ముందు పెడుతున్నాము. విన్నాక చేతులెత్తవలసింది మీరే.

కారు సంగతి

మనది 2004లో రిజిస్టరయిన అంబాసిడర్, పెట్రోలు బండి, టి.ఎన్. 20 నంబరు. సెకండ్ హ్యాండులో కొన్నాము. అంబాసిడర్ బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2014 మే నెలలో యాజమాన్యం అక్కడ పని ఆపేసింది. కారు చేసిన కార్మికులు వీధిన పడ్డారు, కారు మాత్రం ఇంకా రోడ్డు మీద తిరుగుతూనే ఉంది. అదే కంపెనీ మన తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో 1998 నుండి లాన్సర్ కార్లు తయారు చేసింది. కనుక ఈ జిల్లాలో రేకు పని, వెల్డింగు పని తెలిసిన చేతులకు కొదవ లేదు.

ఈ కారు ఎందుకు వాడుతున్నామో మీకు తెలుసు. తిరుత్తణి నుండి తిరువళ్ళూరుకు సుమారు 40 కిలోమీటర్లు. కేసులకు, కలెక్టరేటుకు, పి.ఎఫ్. పనులకు సాక్షులను, కాగితాలను తీసుకుని పోవాలి. పళ్ళిపట్టు, ఆర్.కె. పేట, పొదటూరుపేట వైపు నుండి వచ్చే కార్మికులకు రాత్రి షిఫ్టులో ఏదైనా అయితే ఆ వేళ బస్సు దొరకదు. ఆపదకు 108 ఉంది, దానికే ముందు ఫోను చేయాలి. కాని ఆసుపత్రి నుండి ఇంటికి దించడానికి 108 రాదు. శవంతో పాటు ఇంటివాళ్ళను ఊరికి చేర్చడానికి రాదు. ఈ కారు మనకు హోదా కోసం లేదు, ఇలాంటి పనుల కోసం ఉంది.

తుప్పు ఎలా తింటుంది?

తుప్పు మనకు కొత్త కాదు. స్పిన్నింగు ఖాతాలో దారం తెగకుండా గాలిలో తేమ పెడతారు. మిల్లు నడుస్తున్నంత కాలం నూనె చెయ్యి, తుడిచే గుడ్డ ఆగవు కాబట్టి రింగులు, స్పిండిళ్ళు మెరుస్తుంటాయి. మూడు నెలలు లాకౌట్ పెట్టి తెరిస్తే ఏమవుతుందో మన ఫిట్టర్లను అడగండి. ఎర్రటి పొడి, నూలు మీద మరకలు, ముట్టుకుంటే తెగే దారం.

కారులోనూ అదే. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు కలిస్తే వేగం పెరుగుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న పెయింటును బొబ్బలాగా లేపుతుంది. పైన రూపాయి బిళ్ళంత బొబ్బ కనపడితే లోపల అరచేతి మేర పోయిందని అనుమానించాలి. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో అవి పూడిపోతే కార్తీక మాసపు వాన నీరు సంక్రాంతి దాకా లోపలే నిలుస్తుంది. మ్యాట్ కింద తడిసిన గుడ్డ కూడా అంతే.

ఇక్కడ ముఖ్యమైన తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. లారీకి కింద వేరే ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. అంబాసిడర్‌కు, మారుతికి, ఈనాటి చాలా కార్లకు అలా కాదు. రేకులన్నీ కలిపి వెల్డు చేసిన బాడీయే దాని ఎముకల గూడు. కనుక తుప్పు అంతా ఒకటి కాదు. మడ్‌గార్డు మీద, డిక్కీ మూత మీద తుప్పు పడితే అది చర్మ రోగం. తలుపుల కింద నిడివిగా పోయే పెట్టె భాగంలో, ఫ్లోరులో, వెనుక కట్టలు బిగించే చోట, జాకీ పెట్టే చోట, సీటు బెల్టు బిగించే చోట పడితే అది ఎముక రోగం. మొదటి దానితో కారు నడుస్తుంది. రెండో దానితో ప్రాణం పోతుంది.

మేము చూసినదేమిటి?

కమిటీ సభ్యులు ముగ్గురు, మన ఫిట్టరు ఒకరు కలిసి కారును ర్యాంపు ఎక్కించి చూశాము. ఈ పద్ధతి మీ సొంత బండ్లకూ పనికివస్తుంది, వినండి.

మొదట మ్యాట్లన్నీ తీసి ఫ్లోరు చూడాలి. స్క్రూ డ్రైవరు పిడితో కొడుతూ పోవాలి. మంచి రేకు గణగణమంటుంది, చచ్చిన రేకు బొదబొదమంటుంది. అనుమానమున్న చోట మొనతో నొక్కి చూడాలి. తర్వాత చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతటా తిప్పాలి. అంటుకోని చోట పెయింటు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఆఖరున జాకీ పెట్టి లేపి తలుపు తీసి వేయాలి. నేల మీద బాగా పడిన తలుపు జాకీ మీద పట్టేస్తే ఎముక వంగుతున్నదని అర్థం. బ్రేకు ఆయిలు పోయే ఇనుప గొట్టాలను కూడా చేత్తో తడిమి చూడాలి.

మన కారులో ఎడమ తలుపుల కింది పెట్టె భాగం రెండు చోట్ల పోయింది. డ్రైవరు కాళ్ళ కింద ఫ్లోరు జానెడు మేర పోయింది. వెనుక కట్టలు బిగించే చోటు గట్టిగానే ఉంది. ఇంజను బాగుంది. మడ్‌గార్డుల మీద బొబ్బలున్నాయి, అవి చూపుకే.

రెండు ఎస్టిమేట్లు

ఒక షెడ్డులో 18 వేలకు కొత్త కారులా చేసి ఇస్తామన్నారు. ఎలా అని అడిగితే, చిల్లుల మీద రేకు ముక్క అతికించి, పుట్టీ పూసి, కింద నల్లటి తారు కోటింగు కొట్టి, పైన పెయింటు వేస్తారట. పైన పటారం, లోన లొటారం! తుప్పు మీద తారు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇంకా తొందరగా తింటుంది. మన సభ్యుడు ఒకాయన తన మారుతి వ్యానుకు ఇలాగే 15 వేలు పోశాడు. రెండు వానాకాలాలు దాటేసరికి సీటు కింద నుండి రోడ్డు కనిపించింది. 18 వేలు తక్కువని అనుకోకండి. అది పోయే డబ్బు, పైగా ప్రమాదాన్ని కంటికి కనపడకుండా చేసే డబ్బు.

రెండో టింకరు మేస్త్రీ చెప్పినది 62 వేలు. చచ్చిన రేకును మంచి రేకు వచ్చేదాకా కోసివేసి, కొత్త రేకు వంచి, చుట్టూ సీ.ఓ.టూ. వెల్డింగు పెట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, సందులు సీలు చేసి, పెట్టె భాగం లోపల మైనం లాంటి తుప్పు మందు కొట్టి ఇస్తారు. బ్రేకు గొట్టాలు రెండు మారుస్తారు. మడ్‌గార్డుల జోలికి పోరు. ఫుల్ పెయింటు లేదు.

లెక్క ఎలా వేయాలి?

చాలామంది ‘ఈ కారు అమ్మితే ఎంత వస్తుంది? దానికి ఇంత పెట్టాలా?’ అని అడుగుతారు. ఈ కారును ఉన్నదున్నట్టు అమ్మితే 30 వేలు వస్తాయి. 30 వేల కారుకు 62 వేలా అంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. కాని మనం దాన్ని అమ్మడానికి పెట్టుకోలేదు, వాడటానికి పెట్టుకున్నాము. ఇది లేకపోతే ఆ పనికి ఏటా ఎంత అవుతుంది? ఉంటే ఎంత అవుతుంది? అడగవలసిన ప్రశ్న ఇదే.

ఎన్నేళ్ళు అనేది ముందు తేల్చాలి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు, ఆ పైన ఐదేసి ఏళ్ళకు రెన్యువల్. మన ఆర్.సి. 2019లో ఒకసారి, 2024లో ఒకసారి రెన్యువల్ అయింది, 2029 దాకా ఉంది. ఆ తర్వాత మాట వేరు. 15 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ 1 నుండి 5 వేలు చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10 వేలు చేశారు. గ్రీన్ టాక్సు వేరు. పాత బండి ఉంచుకోవడం ఇంకా ప్రియం కావాలనే ప్రభుత్వ ఉద్దేశం. కనుక 2029 మీద ఆశ పెట్టుకోకుండా మూడేళ్ళకే లెక్క వేశాము.

టాక్సీ మాట్లాడితే తిరువళ్ళూరు పోయి రావడానికి, వెయిటింగుతో కలిపి 2 వేలు. మన కారైతే పోను రాను 80 కిలోమీటర్లకు పెట్రోలు సుమారు 800. డ్రైవింగు మన సభ్యులే చేస్తారు. ట్రిప్పుకు 1,200 మిగులు. నిరుటి లాగ్‌బుక్కు ప్రకారం నెలకు 5 ట్రిప్పులు, ఏడాదికి 60. అంటే 72 వేల మిగులు.

దానిలోంచి ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకు ఏటా 25 వేలు తీయాలి. రిపేరు 62 వేలను మూడేళ్ళకు పంచితే ఏటా 20,667. ఇవాళ అమ్మితే 30 వేలు వచ్చేది, మూడేళ్ళ తర్వాత తుక్కు కింద 15 వేలే వస్తుందనుకుంటే, ఆ నష్టం ఏటా 5 వేలు. మొత్తం 50,667. 72 వేలలో అది పోగా 21 వేలకు పైగా మిగులుతుంది.

ఇదే లెక్కను తిప్పి చూడండి. ఏడాదికి 43 ట్రిప్పులు తిరిగితేనే రిపేరు గిట్టుతుంది. నెలకు మూడే తిరిగితే టాక్సీయే నయం. కనుక మీ సొంత కారు గురించి ఎవరైనా సలహా అడిగితే ‘ఎంత వాడుతున్నావు నాయనా?’ అని ముందు అడగండి. ఆదివారం గుడికి, పెళ్ళికి తప్ప తీయని కారుకు ఇంత పోయడం దండగ.

ఇంకో మాట. రిపేరు డబ్బు రాబట్టడానికి కారును బాడుగకు తిప్పుదామని ఒక సోదరుడు సూచించారు. తెల్ల బోర్డు కారును బాడుగకు తిప్పితే చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా చిక్కులో పడుతుంది. ఆ దారి వద్దు. అలాగే ‘15 ఏళ్ళు దాటిన కార్లన్నీ పట్టుకుంటారట’ అనే పుకారు నమ్మి బండ్లు అగ్గువకు అమ్ముకోకండి. పాత బండ్లను తిరగనివ్వరాదన్న కోర్టు ఉత్తర్వులు ఢిల్లీ ప్రాంతానివి, తమిళనాడువి కావు.

రిపేరు వద్దన్నవారి మాట

కమిటీలో ఇద్దరు వద్దన్నారు. వాళ్ళ మాట కూడా మీకు చెప్పడం మా బాధ్యత. మిగులు మూడేళ్ళలో వస్తుంది, ఖర్చు ఇవాళే పోతుంది. 62 వేలు తీస్తే నిధిలో 78 వేలే ఉంటుంది. ఆ మధ్యలో లేఆఫ్ వస్తే కారును చూపించి పిల్లల కడుపు నింపలేము. ఇది తీసివేయదగిన మాట కాదు. కోసి చూశాక లోపల ఇంకా పోయి ఉంటే ఎస్టిమేటు పెరుగుతుందన్నది వారి రెండో మాట. తుప్పు పనిలో అది సహజమే.

ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని కమిటీ మెజారిటీ పెడుతున్న తీర్మానం ఇది:

1. ఎముక భాగాలకే రిపేరు. పెయింటుకు, సోకులకు ఒక్క పైసా ఇవ్వరాదు.

2. డబ్బు మూడు వాయిదాలలో. మొదటి వాయిదా 10 వేలకు పెట్టె భాగం కోసి తెరవాలి. మన ఫిట్టరు చూసి ఫోటోలు తీయాలి. ఎస్టిమేటు 75 వేలు దాటితే అక్కడే పని ఆపి, కారును తుక్కు కింద అమ్మివేయాలి.

3. పుట్టీ, పెయింటు పడకముందే వెల్డింగు మొత్తం చూసిన తర్వాతే రెండో వాయిదా. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించాలి. మేస్త్రీ, ఆయన కింద పనిచేసే కుర్రవాడు కూడా కార్మికులే. మన కారు కోసం వారి ఒళ్ళు కాలరాదు.

4. నిధి మళ్ళీ 1 లక్షా 40 వేలకు చేరేదాకా సంఘం ఆఫీసుకు ఇతర కొనుగోళ్ళు ఏవీ ఉండవు.

5. పై ఖర్చంతా రసీదులతో సహా ఈ పత్రికలో అచ్చు వేస్తాము.

ఆఖరుగా, సెకండ్ హ్యాండు కారు కొనాలనుకునే సభ్యులకు ఒక హెచ్చరిక. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ మద్రాసులో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కార్లు పాలిష్ పెట్టుకుని ఏ ఊరి బజారుకైనా చేరుతాయి. సీటు కింద పట్టాలు, బెల్టు మొదట్లో ఒండ్రు, మ్యాట్ కింద వాసన చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ముప్పై ఏళ్ళు మిల్లులో దుమ్ము మింగి సంపాదించిన గ్రాట్యుటీ డబ్బు పుట్టీ కింద పోయేందుకు కాదు.

లెక్క మీ చేతిలో ఉంది. అడగవలసినవి నిలదీసి అడగండి. రిపేరు కావాలన్నవారు ఒకసారి, వద్దన్నవారు ఒకసారి చేతులెత్తండి. ఏది గెలిచినా ఆ నిర్ణయం మనందరిదీ.