ఒక జాతి రెండు జాతులగుట

పాఠశాలలో భూగోళము బోధించునపుడు, పనామా యనఁగా 1914లో రెండు మహాసముద్రముల నడుమ ఓడలకు దారి యిచ్చిన కాలువ యని మాత్రమే చెప్పెడివాఁడను. ఆ సముద్రములు తొలుత విడిపోయిన కథ చెప్పనైతిని. ఆ కొఱఁత నేఁడు తీర్చుకొందును.

ఉత్తర దక్షిణ అమెరికాల నడుమ నేల క్రమముగా పైకి లేచి, సుమారు 30 లక్షల యేండ్ల క్రిందట ఆ ఖండములను కలిపెను. నేలకది కూడిక, నీటికి ఎడబాటు. చిటికె వేసినట్లు చప్పుడు చేయు చిన్న రొయ్యలు కొన్ని పసిఫిక్కు వైపునను, కొన్ని కరిబియను సముద్రము వైపునను చిక్కుకొనెను. రాకపోకలుడిగెను. ఒకవైపునఁ గలిగిన స్వల్పమైన మార్పులు రెండవవైపునకుఁ జేరక, ఆవైపుననే తరతరములుగా పేరుకొనెను.

నాన్సీ నోల్టన్ అను శాస్త్రజ్ఞురాలు సహచరులతోఁ గూడి ఇరువైపుల రొయ్యలను ఒక్కచోఁ జేర్చి పరీక్షించి, ఫలితములను 1993లో ప్రకటించెను. చూపునకు కవలలవలె నున్నను అవి పరస్పరము కలహించెను. వానికి సంతానము కలుగుట మిక్కిలి అరుదయ్యెను.

కావున జాతిభేదమును రూపమునుబట్టియే నిర్ణయింపరాదు. సంతానము కలియునా యని విచారింపవలెను. అడ్డు తొలఁగినను, మునుపటి యేకత్వము మరల రాదు.