పౌరసత్వపు దరఖాస్తు – పాత దస్త్రముల పరీక్ష

(సంఘ సమావేశమునందు గావించిన ప్రసంగ పాఠము)



బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము మొదలగు చోట్ల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములనుండి పెక్కుమంది బిడ్డలు ఉద్యోగార్థమై అమెరికాకు వెళ్ళియున్నారు. వారిలో గ్రీన్ కార్డు పొందినవారు ఐదేండ్లు నిండగనే పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుట వాడుక. ‘గడువు తీరినది, ఇక భయమేమి?’ అని ఇచ్చటి తల్లిదండ్రులును తలంచుచుందురు. ఈ తలంపు సగము మాత్రమే నిజము. మిగిలిన సగమును మీకు విన్నవించుటయే నా ఉద్దేశము.

ముందుగా కాలపు లెక్క చెప్పెదను. గ్రీన్ కార్డు వచ్చిననాటినుండి ఐదు సంవత్సరములు నిండవలయును. అమెరికా పౌరులను పెండ్లాడి వారితో కాపురమున్నవారికి మూడేండ్లు చాలును. ఎన్-400 అను ఫారమును గడువునకు 90 దినములు ముందుగా దాఖలు చేయవచ్చును. ఐదేండ్ల లెక్కలో కనీసము 30 నెలలు ఆ దేశమునందే ఉండియుండవలయును. ఒక్క ప్రయాణములో ఆరునెలలకు మించి బయట ఉన్నచో నివాసము తెగినట్లు భావింతురు. తెగలేదని ఋజువు చేయు భారము దరఖాస్తుదారునిదే. ఏడాదియో, అంతకు మించియో ఉన్నచో, ముందుగా ప్రత్యేకానుమతి పొందిన కొలదిమందికి దక్క, లెక్క తెగిపోవును. కావున తల్లి జబ్బునకో, చెల్లెలి పెండ్లికో వచ్చిన బిడ్డను ‘ఇంకొక నెల ఉండుము’ అని మనము బలవంతపెట్టునపుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. పౌరసత్వము కోరువానికి గ్రీన్ కార్డు చేతనుండుట చాలదు. అది చట్టమునందలి నియమములన్నిటికిని లోబడి లభించినదై యుండవలయునని అమెరికా చట్టము విధించుచున్నది. కావున క్రొత్త దరఖాస్తును విచారించు అధికారి పాత దస్త్రమును మొదటినుండి విప్పి చూడవచ్చును. ఉద్యోగము మూలమున వచ్చిన కార్డుల దస్త్రములు పెద్దవి. కార్మికశాఖ ధ్రువపత్రము, కంపెనీ వేసిన ఐ-140, ఉద్యోగి వేసిన ఐ-485, చదువునకును అనుభవమునకును చెందిన పత్రములు, వీసా గడువుల చరిత్ర, ఇవి యన్నియు సాధారణముగా అందుండును. ఈ తరగతికి ఏటా సుమారు 1,40,000 కార్డులే. వానిలో ఒక్కొక్క దేశమున పుట్టినవారికి సామాన్యముగా నూటికి ఏడు మించరాదు. అందుచేత మనవారు సంవత్సరముల తరబడి వేచియుందురు. ఈలోగా కంపెనీలు మూతపడును, చేతులు మారును, ఉద్యోగములును మారును.

అందువలన అధికారి అడుగు ముఖ్యప్రశ్న ఇది: ఏ కంపెనీ పేర కార్డు వచ్చినదో, అందు పనిచేయు ఉద్దేశము నిజముగా ఉండెనా? ఇన్ని నెలలు పనిచేయవలెనని చట్టమున లెక్క లేదు. అయినను కార్డు రాగానే మానివేసినచో సందేహము పుట్టును. ఐ-485 దాఖలై 180 దినములు గడచిన పిమ్మట, అదే తరగతికిగాని దానిని పోలిన తరగతికిగాని చెందిన ఉద్యోగమునకు మారుటకు 2000 సంవత్సరపు చట్టము వీలు కల్పించినది. అట్లు మారినవారు క్రొత్త ఉద్యోగపు వివరములను చూపగలిగియుండవలెను. కంపెనీయే తొలగించినచో ఆ ఉత్తరమును భద్రపరచవలెను. వీసా లేని దినములును, అనుమతి లేక పనిచేసిన దినములును కలిపి 180కి మించినచో, కార్డు మంజూరే ప్రశ్నకు లోనగును. దరఖాస్తుదారుని దోషము లేకున్నను, పునాది లోపభూయిష్టమైనచో పౌరసత్వము నిరాకరింపబడవచ్చును. దేశమునుండి పంపివేయు విచారణకును అది దారితీయవచ్చును.

మన పేర్లును ఒక చిక్కే. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందుండును. తమిళనాట పెరిగిన మన బిడ్డకు పాఠశాలలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే వ్రాయుదురు. జన్మపత్రమున ఒక తీరు, పాస్‌పోర్టున మరొక తీరు ఉన్నచో వ్యక్తి ఒక్కడేయని నిరూపింపవలసివచ్చును. ఆ పాత పత్రములు సాధారణముగా మన ఇండ్ల పెట్టెలలోనే యుండును. వానిని వెదకి, నకళ్ళు తీసి పంపుట మనము చేయగల సాయము.

సందేహమున్నవారు త్వరపడనక్కరలేదు. పౌరసత్వము నిర్బంధము కాదు. పదేండ్ల కార్డును గడువు తీరినపుడు క్రొత్తది చేయించుకొని అచట నివసింపవచ్చును. సమాచార స్వేచ్ఛాచట్టము క్రింద తన దస్త్రపు నకలును తెప్పించుకొని, అనుభవజ్ఞుడగు న్యాయవాదికి చూపి, పిమ్మట దరఖాస్తు పెట్టుట మేలు. ప్రయాణములు, పన్నులు, పోలీసు కేసులు, వీనిలో దేనిని దాచినను అసలు లోపముకంటె ఆ దాపరికమే పెద్ద నేరమగును.

మన దేశమునకు సంబంధించిన మాట మరియొకటి గలదు. 1955 సంవత్సరపు పౌరసత్వ చట్టము 9వ విభాగము ప్రకారము, స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవానికి భారత పౌరసత్వము పోవును. పాస్‌పోర్టు అప్పగింపవలెను; ఓటు ఉండదు. విదేశీ భారతీయ పౌరులను పేర వచ్చు కార్డు రాకపోకలకు ఉపకరించునేగాని, దానితో సేద్యపు భూమి కొనుటకు వీలులేదు. వారసత్వముగా పొందుట వేరు సంగతి. పొలమున్న కుటుంబములు ఈ విషయమును ప్రమాణస్వీకారమునకు ముందే కూర్చుండి మాటలాడుకొనవలెను.

బిడ్డలకు ఈ వారము జాబు వ్రాయునపుడో, ఫోనులో మాటలాడునపుడో, ‘ఐదేండ్లు నిండినవా?’ అని మాత్రమే గాక, ‘దస్త్రము సరిగా నున్నదా?’ అనియు అడుగుడని కోరుచు విరమించుచున్నాను.