టెలిఫోను తీగ – సంకేతబలము
(పాఠశాల విజ్ఞాన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



టెలిఫోను తీగపై కంప్యూటరు సందేశములు పోయిన కాలమును మీలో పలువురెరుగరు. మోడెం అను చిన్న పెట్టె కంప్యూటరు అంకెలను ధ్వనులుగ మార్చి తీగపై పంపెడిది. అవతలి మోడెం ఆ ధ్వనులను మరల అంకెలుగ మార్చెడిది. టెలిఫోను మానవ కంఠమునకై యేర్పడినది. సుమారు 300 మొదలు 3,400 హెర్ట్‌జుల వరకు గల ధ్వనులనే అది మోయును.

తీగ పొడవైన కొలది సంకేతము క్షీణించును. అయినను బలమొక్కటే చూచిన చాలదు. తోడువచ్చు రొదకంటె అది యెన్ని రెట్లధికమో చూడవలెను. ఈ సూత్రమును క్లాడ్ షానన్ 1948లో నిరూపించెను. సంకేతము రొదకు వేయి రెట్లున్నచో ఇట్టి తీగపై సెకనుకు సుమారు 31,000 బిట్లు పోగలవు. నూరు రెట్లే యున్నచో సుమారు 20,600కు మించవు. రొద పెరిగినపుడు మోడెం వేగము తగ్గించుకొని నెట్టుకొనివచ్చును. అదియు సాగనిచో సంబంధము తెగిపోవును.

2003లో పదవ తరగతి ఫలితముల నాడు మాకట్లే జరిగెను. తల్లిదండ్రులు వరండాలో వేచియుండగా మూడు పర్యాయములు సంబంధము తెగెను. రిసీవరులో మాట మాత్రము చక్కగనే వినబడుచుండెను. చెవి జారిన అక్షరమును ఊహతో పూరించుకొనును. మోడెంకు ఆ నేర్పు లేదు. పంపు ధ్వనిని హెచ్చింపరాదా యని కొందరడిగిరి. మితిమీరి హెచ్చించినచో ధ్వని వికృతమగును. ప్రక్క తీగలలోనికిని చొరబడును. మేము కోపముతో టెలిఫోను వారిపై ఫిర్యాదు వ్రాసితిమి.

మరునాడు లైన్‌మన్ వచ్చి, స్తంభము మొదలు తీగను పరీక్షించుచు మా చూరు క్రిందికి చేరెను. అచట ఒక అతుకు చిలుము పట్టి, వానకు తడిసియుండెను. కంప్యూటరు గదికి తీగ లాగిన నాడు మేమే చేతితో మెలివేసిన అతుకది! అతడేమియు ననక, రాగిని గీకి శుభ్రపరచి, గట్టిగ బిగించి పోయెను. ఆ సాయంకాలము సంబంధము నిలిచెను. ఒక దినము ఆలస్యముగ పిల్లలకు ఫలితములు చెప్పితిమి, ఫిర్యాదును ఉపసంహరించుకొంటిమి.

నేడు మీ చేతిఫోనులపై కనబడు గీతలును ముఖ్యముగ బలమునే తెలుపును. రొద సంగతి అంతగా తెలుపవు. కావున విద్యార్థులారా, సంబంధము తెగినపుడు అవతలివారిని నిందించుటకు ముందు మన చూరు క్రింది అతుకును చూచుకొనుడు. మేము ఆలస్యముగ నేర్చిన పాఠమిది.