పాకం పట్టిన మాటలు



సంక్రాంతికి అరిసెలు చేసే ఇంట్లో పొయ్యి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? బెల్లం కాగుతుంటుంది. పక్కన పళ్లెంలో నీళ్లు. ఇంటి పెద్దామె గరిటెతో ఒక చుక్క ఆ నీళ్లలో వేసి, వేలితో దగ్గరికి లాగి చూస్తుంది. జారిపోతే లేత పాకం. ఉండ కట్టిందా, "ఇగ పిండి పొయ్యవే" అంటుంది కోడలితో. కాస్త ఆలస్యమైతే పాకం ముదిరి అరిసె రాయవుతుంది.

సాహిత్య విద్యార్థులు పరీక్షల్లో రాసే ద్రాక్షాపాకం, నారికేళపాకం అనే మాటలకూ ఈ పొయ్యితో చుట్టరికం ఉంది. వండడానికీ పండడానికీ సంస్కృతంలో ధాతువు ఒకటే.

ఇలాంటి మాటల మీద పెద్ద పని మన నల్లగొండ గుట్టల్లోనే జరిగింది. రాచకొండ అనగానే ఇప్పుడు చాలామందికి 2016లో వచ్చిన పోలీసు కమిషనరేటు గుర్తొస్తుంది. అసలు కొండ సంస్థాన్ నారాయణపురం దగ్గర ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయకులు ఆ కొండ మీది కోట నుంచి ఏలారు. ఆ వంశంలోని సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాశాడు. ఆయన కొలువులో ఉన్న విశ్వేశ్వర కవి చమత్కారచంద్రిక రాశాడు. రెండూ సంస్కృత గ్రంథాలే. తెలుగు నేల మీద కూర్చుని తెలుగులో ఎందుకు రాయలేదని మనకు ఇప్పుడు అనిపిస్తుంది గాని, దేశమంతా చదవాలంటే అప్పటికి దారి అదే.

కవిత్వం విని మనసు "ఆహా" అంటుందే, దానికి విశ్వేశ్వరుడు పెట్టిన పేరు చమత్కారం. దానికి ఏడు కారణాలు చెప్పాడు: గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకారం. ఉదాహరణలు చూడబోతే రాజుగారి పొగడ్తలే. ఏం చేస్తాం, అన్నం పెట్టిన చేయి! ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి మీద విద్యానాథుడు చేసిందీ అదే. సింగభూపాలుడు మాత్రం స్వయంగా రాజు కాబట్టి కొంత చొరవ చూపాడు. వైదర్భి, గౌడి, పాంచాలి అంటూ ఎక్కడెక్కడి దేశాల పేర్లతోనో ఉన్న రీతులను కోమలం, కఠినం, మిశ్రం అన్నాడు. విద్యార్థికి ఇంతకన్నా ఉపకారం ఏముంటుంది?

మళ్లీ పాకం దగ్గరికి వద్దాం. పద్యం రుచి ఎంత సులువుగా అందుతుందన్నదే ఇక్కడి కొలత. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు, రసం. అరటిపండుకు తొక్క తీయాలి. కొబ్బరికాయకు పీచు ఒలవాలి, పెంకు పగలగొట్టాలి, అప్పుడు గాని తీపి అందదు. పోతన పద్యం మొదటిదని, వసుచరిత్ర మూడోదని మనం అంటుంటాం. కృష్ణ ఒడ్డున జటప్రోలు నేలిన సురభి మాధవరాయల చంద్రికాపరిణయం కూడా కొబ్బరికాయే. పగలగొట్టే ఓపిక ఉన్నవాళ్లకు నీళ్లూ ఉన్నాయి, కొబ్బరీ ఉంది.

అయితే ఈ లెక్క అందరిదీ ఒకటి కాదు. 10వ శతాబ్దపు రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకాలు చెప్పాడు. వేప, రేగు, వంకాయ, చింత, దోస కూడా అందులో ఉన్నాయి. ఆయన చూసింది మొదట రుచి ఎట్లా ఉంది, చివర ఎట్లా ఉంది అని. ఆ లెక్కలో నారికేళపాకం అంటే మొదటి నుంచి చివరిదాకా తీయగా ఉండేది! ద్రాక్ష మొదట రుచించక చివరకు తీపెక్కేది. పేరు ఒకటే, కొలత వేరు. అందుకే పారిభాషిక పదం కనబడగానే అది ఎవరి పుస్తకంలోదని అడగాలి. మన గైడ్లు ఆ సంగతి చెప్పవు.

ఆ శాస్త్రకారులు పాలమూరు మీదుగా వచ్చి ఉంటే బాలానగర్ సీతాఫలం పేరుతో ఇంకో పాకం చెప్పేవారేమో. గుజ్జు అమృతం, గింజలు మాత్రం ప్రతి ముద్దకూ ఉమ్మాలి. అటువంటి ప్రబంధాలు నాకు కొన్ని తెలుసు, పేర్లు చెప్పను.

విశ్వేశ్వరుడి జాబితాలో పాకం పక్కనున్న శయ్య అంటే పడక. విద్యానాథుడు దాన్ని పదాల మధ్య స్నేహం అన్నాడు. ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు ఒకరినొకరు తన్నుకోకుండా పడుకున్నట్టు, మాట పక్కన మాట ఒదిగి ఉండాలి. దీనికి దగ్గరగానే ఆలంకారికుడు వామనుడు శబ్దపాకం అన్నాడు: మార్చడానికి వీల్లేనంతగా మాటలు కుదురుకోవడం.

విద్యార్థులకు ఒక్క మనవి. ఈసారి పద్యం చదివి దాని పాకం ఏమిటో రాసేముందు అందులో ఒక్క మాట తీసేయండి. గణాలు, యతిప్రాసలు చెడకుండా దానికో పర్యాయపదం పెట్టి, పైకి చదవండి. పద్యం కిమ్మనకుండా ఒప్పుకుందంటే ఆ కవి గరిటె తొందరపడి దించాడన్నమాట.