ఆదివారం బజారు - ఏడాది కారం



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది డాక్టర్లు చెప్పవలసిన విషయం. నేను గుమాస్తాగా కాగితాలు, లెక్కలు చూసినవాణ్ణి. అందుచేత ఆదివారం ఉదయం మన గుంటూరు బజారులో నడిచి, ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనుక్కోవడం గురించి చెబుతాను. ఆరోగ్యం కూడా అందులోనే వస్తుంది.

ఆరు గంటలకల్లా బయలుదేరాలి. ముందు కొల్లి శారద మార్కెట్. ఆ వేళకు కూరగాయలు తాజాగా ఉంటాయి, ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర రెండూ దొరుకుతాయి. పచ్చడికి ఎర్రదే. ఆ తరువాత ఎక్కడో ఒకచోట రెండు ఇడ్లీ, కారప్పొడి, పైన నెయ్యి. నెయ్యి సంగతి ఇంట్లో చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి జిన్నా టవర్ మీదుగా పట్నంబజారు. ఆ టవరుకు 2022లో మూడు రంగులు వేశారు. బయటి ఊళ్లలో ఉంటున్న మన పిల్లలు చాలామంది అది చూడలేదు.

మిర్చి యార్డు చూద్దామని మాత్రం ఆదివారం వెళ్లకండి. శని, ఆదివారాలు సెలవు. వర్తకం చూడాలంటే సీజనులో సోమవారం వెళ్లాలి. లారీలు, ట్రాక్టర్లు, వరుసలు కట్టిన టిక్కీలు, ముక్కుకు గుడ్డ కట్టుకున్న హమాలీలు. తుమ్మకుండా గేటు దాటిన మనిషిని నేను చూడలేదు.

ఇక కొనడం సంగతి. ఎర్రగా ఉన్నదల్లా కారం కాదు. బ్యాడిగికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తేజ సన్నంగా ఉంటుంది గాని నిప్పే. మన వయసువారికి, ఆవకాయకు 334 రకం మేలని నా అభిప్రాయం. అది మన లాం ఫారంలో పుట్టిన రకం. గుంటూరు సన్నానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించండి, గింజ గలగలమనాలి. వంచితే పెళుక్కుమని విరగాలి. మెత్తగా వంగితే చెమ్మ ఉన్నట్లే, తూకానికి నీళ్లు చల్లి ఉండవచ్చు. చీల్చి లోపల చూడండి. నల్లగా బూజు కనిపిస్తే ఆ బస్తా వద్దు. నిరుడు ఒక కొట్టతను, "అన్నీ విరిచేస్తే ఎట్లా బాబాయిగారూ?" అన్నాడు. "విరిస్తేనే గదయ్యా లోపలి గుట్టు తెలిసేది" అన్నాను. నవ్వి ఇంకో గుప్పెడు ముందర పోశాడు.

ఇంత తంటా ఎందుకు, ప్యాకెట్టు కొనుక్కుంటే పోలేదా అని మా కోడలు అంటుంది. పొడి అయిపోయాక లోపల ఏముందో కంటికి తెలియదమ్మా అని నా జవాబు. 2003లో మన దేశం నుంచి యూరపుకు వెళ్లిన కారంలో సుడాన్-1 అనే రంగు బయటపడింది. మైనానికి, పాలిష్‌కు వాడే రంగు అది. 2005లో అటువంటి కారం కలిసిన ఒక సాస్ మూలంగా బ్రిటన్‌లో వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అన్ని ప్యాకెట్లూ అంతేనని నేను అనను. మన కళ్ల ముందు మరపట్టించిన కాయకు ఆ అనుమానమే ఉండదు. తొడిమలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి మిల్లుకు తీసుకువెళ్లండి. ముందు పట్టినవారి పొడి మరలో మిగిలి ఉంటుంది, దులపమని అడగడానికి మొహమాటపడవద్దు.

బేరం దగ్గర మాత్రం ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 2021-22 సీజనులో నల్ల తామరపురుగు మన గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఊడ్చేసింది. 2023లో మంచి రకాలు క్వింటా 20,000 రూపాయలు దాటాయి. 2025 వచ్చేసరికి ధర ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అంటే కిలో 117 రూపాయల 81 పైసలు. అందులోనే విత్తనం, మందులు, కౌలు, మూడు నాలుగు కోతల కూలి, యార్డుకు కిరాయి. మన కరువు భృతి ఆలస్యమైనా ధరల సూచీని బట్టి ఎప్పుడో ఒకప్పుడు లెక్కకు వస్తుంది. మిరప రైతుకు ఏ సూచీ ఉంది? పర్చూరు వైపు మా బంధువులు కళ్లంలో కాయ ఆరబోసి, రాత్రిళ్లు మబ్బు పడితే పట్టాలు పట్టుకుని పరుగెత్తడం నేను చూశాను. అందుకే కొట్టు దగ్గర కిలోకు పది రూపాయలు తగ్గించమని నేను అడగను. కాయ మంచిది ఇమ్మని మాత్రం గట్టిగా అడుగుతాను.

ఉగాది ముందు వచ్చే ఆదివారం నేను వెళుతున్నాను. నాతో వచ్చేవారు ఆరింటికి మార్కెట్ గేటు దగ్గర ఉండండి. సంచి, గొడుగు, ఉదయం వేసుకునే మాత్రలు మరచిపోవద్దు. మనవలను కూడా తీసుకురండి, సంచులు మోయడానికి మనుషులు కావాలి. సెలవు.