రక్తపు కాన్సరును ప్రయోగశాల ఎట్లు గుర్తించును?

గ్రామ పంచాయతీ సభ్యులారా!

జ్వరము వారముల తరబడి తగ్గదు. మనిషి పాలిపోవును. చిగుళ్ల నుండి రక్తము కారును. దెబ్బ తగులకయే ఒంటిపై నీలి మచ్చలు లేచును. ఇట్టి రోగికి బలమునకని సూదిమందులు వేయించుచు కాలము గడుపుట తగదని మనవి చేయుటకే మేము మీ యెదుట నిలిచితిమి. ఈ లక్షణములున్న వారందరికిని రక్తపు కాన్సరు ఉండదు. మలేరియా, డెంగీ, రక్తహీనత కావచ్చును. ఏదియో తేల్చి చెప్పునది పరీక్షయే.

మొదటిది రక్తకణముల లెక్క. ఇందుకు రెండు మూడు మిల్లీలీటర్ల రక్తము చాలును. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తమున తెల్లకణములు సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉండును. ఈ వ్యాధిలో అవి లక్ష దాటవచ్చును. కొందరిలో తగ్గియు ఉండవచ్చును. కావున అంకెతో ఆగక, రక్తపు చుక్కను గాజు పలకపై పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూతుము. పక్వము కాని 'బ్లాస్టు' కణములు తరచు అచ్చటనే బయటపడును.

రెండవది ఎముక మజ్జ పరీక్ష. పైరు వాడినప్పుడు రైతు వేరు చూచును గదా! రక్తకణములు పుట్టు చోటు మజ్జయే. తుంటి ఎముక వెనుక భాగమున తిమ్మిరి మందిచ్చి, సూదితో కొంచెము మజ్జ తీయుదుము. వెన్నుపాము జోలికి సూది పోదు. కాళ్లు పడిపోవునను భయము వలదు.

మూడవది వ్యాధి రకమును తేల్చుట. ఫ్లో సైటోమీటరు అను యంత్రమున, మెరయు రంగులు అంటించిన కణములు ఒక్కొక్కటిగా లేజరు కాంతి ముందు నడచును. ఏ జాతి కణము చెడినదో తెలియును. క్రోమోజోముల పరీక్ష మరియొకటి. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక విధమైన రక్తపు కాన్సరు రోగులలో కురుచైన క్రోమోజోము కనుగొనబడినది. 9, 22 సంఖ్యల క్రోమోజోములు ముక్కలు మార్చుకొనుటయే దీనికి కారణమని 1973లో జానెట్ రౌలీ చూపెను. ఆ లోపమునకే గురిపెట్టిన ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో ఆమోదము పొందినది. రకము తెలిసిననే తగిన మందు దొరకును.

1948లో బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు పిల్లల రక్తపు కాన్సరును తాత్కాలికముగా అణచిన అమినోప్టెరిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము తయారుచేసినదే. నేడు మంచి చికిత్స సకాలమున అందిన పిల్లలలో అనేకులు పూర్తిగా కోలుకొనుచున్నారు.

సభ్యులారా! మీరు చేయవలసినవి ఇవి. రెండు వారములు దాటిన జ్వరమును, పాలిపోవుటను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చుడు. రక్తస్రావము కనిపించినచో ఒక్క దినమైనను ఆగవలదు. కారణము తేలక ముందు స్టెరాయిడ్ సూదులు వేయనీయకుడు. అవి చెడు కణములను కొంతకాలము అణచి, పరీక్షను తప్పుదారి పట్టించును. ఇది అంటువ్యాధి కాదని చాటి, రోగి కుటుంబము వెలి పడకుండ కాపాడుడు. పెద్దాసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకపు కాగితములు సిద్ధము చేయించి, తోడుగా ఒక మనిషిని పంపుడు. అచ్చట పరీక్ష మేము చేయుదుము. రోగిని వేళకు పంపుట మీ చేతిలోనున్నది.